షాచ్నర్ల నేలమాళిగలో ఆరని దీపం

షాచ్నర్ల కుటుంబం వైన్ నేలమాళిగ దగ్గరికి వచ్చేసరికి మా లోయలో ఎవరూ కొండ వైపు నడవరు. నది వైపుకి జరుగుతారు, పక్కవాళ్ళతో కావాలని గట్టిగా మాట్లాడతారు. పక్కన ఎవరూ లేకపోతే తమలో తామే మాట్లాడుకుంటారు. పదకొండు నెలలపాటు అదొక పాత చెక్క తలుపు, వెనకాల కొండలోకి దిగే మెట్లు, అంతే. అక్టోబరు వచ్చిందంటే మాత్రం...

అది ద్రాక్ష కోతలు ముగిసి, పీపాల్లో రసం పులిసే కాలం. పులిసే రసం ఒక గాలి వదులుతుంది. అది కంటికి కనపడదు. మెల్లగా కిందికి దిగి, అడుగు నుంచి నిండుకుంటూ వస్తుంది. అందులోకి దిగిన మనిషికి రెండు ఊపిరులు దక్కుతాయి — మూడోది దక్కదు.

షాచ్నర్ల ముసలాయన అలాగే దిగాడు. పడిపోయిన తండ్రి కోసం పెద్దకొడుకు దిగాడు. ఆ ఇద్దరి కోసం చిన్నకొడుకు దిగాడు. తలుపు దగ్గర నిలబడి ఆ ఇల్లాలు ముగ్గురినీ పేరుపేరునా పిలిచిందట. ఆ ఏడాది నుంచీ, పులిసే రోజుల్లో, ఆ తలుపు వెనక నుంచి ఎవరో "చెయ్యివ్వు" అంటారని చెప్పుకుంటారు.

నేను చెప్పబోయేది రోస్విటా సంగతి. ఆవిడ నాకు ఒక్కసారే చెప్పింది. మళ్ళీ అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అప్పటికి రోస్విటాకి ముప్పై నాలుగేళ్ళు. అన్న ఎగిడ్‌కి నలభై. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, కొండ మీద తోట, కింద ఇల్లు, ఒకరికొకరు. తోట పని అన్నయ్యది. చెల్లెలిది నడకల పని. శనాదివారాలు వియన్నా నుంచి పడవలో దిగే పట్నంవాళ్ళని డాన్యూబ్ ఒడ్డు వెంట, ఒక్క ఎగుడూ దిగుడూ లేని దారిలో, వైసెన్‌బాహ్ రేవు దాకా నడిపించుకుపోయేది. మధ్యలో రొట్టె, పందిమాంసం, తలా ఒక గ్లాసు వైన్.

"నడవడానికి కూడా మనిషి తోడు కావాలటే వీళ్ళకి?" అని ఎగిడ్ ఆటపట్టించేవాడు. "నది ఎటు పోతే అటు పొమ్మను, సరిపోతుంది."

"నీ వైన్ కొంటున్నది వాళ్ళే. నోరు మూసుకుని పీపాలు కడుక్కో, అన్నయ్యా."

ఆ ఏడు పంట విరగకాసింది. సొంత మాళిగలో పీపా పెట్టే చోటు లేదు. ఎగిడ్ వెళ్ళి షాచ్నర్ల చుట్టాలని అడిగి ఆ మాళిగ తాళంచెవి తెచ్చుకున్నాడు. వద్దని రోస్విటా రెండు రోజులు గొడవపడింది.

"దెయ్యాలు తాగితే తాగనీవే, మనకి కాస్త మిగిల్చితే చాలు," అన్నాడు. ఆరు పీపాలు దింపేశాడు.

మాళిగలోకి దిగేవాడి చేతిలో కొవ్వొత్తి ఉండాలి. అదీ పైకెత్తి కాదు, మోకాలి కిందికి పట్టుకుని. మంట చిన్నదైతే ఆగాలి, ఆరిపోతే వెనక్కి తిరగాలి. మా లోయలో పిల్లలకి ప్రార్థన కంటే ముందు నేర్పేది ఇదే.

ఒక శనివారం పొద్దున ఎగిడ్ ఆ పీపాలు చూసి రావడానికి బయల్దేరబోతే ఇంట్లో కొవ్వొత్తులు అయిపోయాయి. ఎగిడ్ సొరుగులన్నీ లాగి లాగి మూస్తున్నాడు. గుమ్మం ముందు పదకొండు మంది పట్నంవాళ్ళు సిద్ధంగా నిలబడ్డారు. రోస్విటాకి విసుగొచ్చింది. నడకలో చీకటి పడితే పనికొస్తుందని వియన్నాలో కొన్న బ్యాటరీ లైటు గోడకి వేలాడుతోంది. దాన్ని తీసి అన్న చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకుపో. మైనం కారదు, గాలికి ఆరదు."

"ఆరని దీపమా? చూద్దాం నీ పట్నం వింత," అని నవ్వి వెళ్ళిపోయాడు.

మా వాళ్ళకి దీపం అక్కరకొచ్చేదే అది ఆరిపోతుంది గనక. ఆ హడావుడిలో ఇద్దరికీ ఆ ముక్క తట్టలేదు.

సాయంత్రం అతిథులని రేవులో వదిలి రోస్విటా ఒక్కతే తిరిగొచ్చింది. చీకటి పడిపోయింది, నది మీద మంచు దిగుతోంది. అలవాటు ప్రకారం నీళ్ళ వైపుకి జరిగి, పాట ఒకటి గట్టిగా అందుకుంది.

షాచ్నర్ల తలుపు తెరిచి ఉంది.

బయట ఎగిడ్ తోపుడుబండి. బండి మీద అతని కోటు, మంచుకి తడిసిపోయి.

"అన్నయ్యా! ఇంకా లోపలే ఉన్నావా?"

చాలా కింద నుంచి—

"రోసీ..."

అన్న గొంతే. కొంచెం అలసినట్టుగా ఉంది, అంతే.

"కాలు మడత పడిందే. దిగు. చెయ్యివ్వు."

గబుక్కున మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. అడుగున వెలుతురు కనిపించింది, స్థిరంగా, తెల్లగా. దీపం వెలుగుతోంది, గాలి బాగానే ఉందన్నమాట అని గుండె కుదుటపడింది. రెండో మెట్టు దిగింది.

అప్పుడు గుర్తొచ్చింది — ఆ దీపం ఏ దీపమో.

వెనక్కి తూలి తలుపు పట్టుకుంది. తలుపు పక్క గూట్లో మరియమ్మ బొమ్మ ముందు ఎవరో పెట్టిన కొవ్వొత్తి ముక్క ఉంది. గోడకి ద్రాక్షతీగ కట్టే కర్ర ఆనించి ఉంది. ముక్కని కర్ర చివర గుచ్చి, వెలిగించి, మెల్లగా కిందికి దింపింది.

మొదటి మెట్టు... రెండు... మూడు...

నాలుగో మెట్టు దగ్గర మంట నీలంగా మారి, ఆరిపోయింది.

మళ్ళీ వెలిగించింది. మళ్ళీ అక్కడే ఆరిపోయింది.

"రోసీ, ఏం చేస్తున్నావు పైన?"

"మాట్లాడకు అన్నయ్యా! ఊపిరి దాచుకో! మనుషుల్ని తెస్తాను!"

అనేసింది గానీ, అంటూండగానే ఇంకో సంగతి తట్టింది. నాలుగో మెట్టు మీదే మంటకి గాలి లేదు. మెట్లు మొత్తం పన్నెండు, ఎగిడ్ వాటి అడుగున ఉన్నాడు. మరి ఏ ఊపిరితో మాట్లాడుతున్నాడు?

"భయమెందుకే పిచ్చిదానా," అంది కింది గొంతు. "దీపం వెలుగుతూనే ఉందిగా. ఆరదన్నావుగా. దిగు."

ఊళ్ళోకి పరిగెత్తాలంటే పావుగంట. ఆ పావుగంటలో అన్న పోతే? పోలేదనుకుంటే కదా ఆ భయం... ఏది నమ్మాలో తెలియక గుమ్మంలోనే ఉండిపోయింది. నది మీద సరుకు పడవ ఒకటి దీపాలతో పోతోంది. రెండు చేతులూ ఊపి కేకలు పెట్టింది. పడవ మీది మనుషులు నవ్వుతూ తిరిగి చేతులూపారు. ఒడ్డున నడిచేవాళ్ళు చేతులూపడం వాళ్ళకి మామూలే.

అప్పుడే దారిలో అడుగుల చప్పుడు. పొద్దున నడకకి వచ్చినవాళ్ళలో ఒకాయన, వొండ్రాక్ అని, వియన్నాలో ట్రాము నడిపి రిటైరైన పెద్దమనిషి. పడవ తప్పిపోయి, రాత్రికి గది అడుగుదామని రోస్విటా వెనకే వస్తున్నాడు.

"చెయ్యివ్వండి... ఎవరక్కడ..." అంది కింది గొంతు.

వొండ్రాక్ ఆగాడు. "ఎవరో పిలుస్తున్నారమ్మాయ్!"

"మా అన్నయ్య."

"మరి చూస్తూ నిలబడ్డావేం?" అంటూ లోపలికి అడుగేశాడు. రోస్విటా రెండు చేతులతో కోటు పట్టుకుని లాగింది. గుండీలు తెగి మెట్ల మీద దొర్లాయి.

"దిగొద్దండీ, మీరూ పోతారు! కింద గాలి లేదు!"

"బతికున్న మనిషి పిలుస్తుంటే... అదిగో, దీపం వెలుగుతోంది!"

"అది ఆరదండీ..." అంది రోస్విటా, ఏడుస్తూ. "అది ఆరే దీపం కాదు. నేనే ఇచ్చాను."

కొవ్వొత్తి దింపి చూపించింది. నాలుగో మెట్టు. వొండ్రాక్ ఆ ఆరిన వొత్తిని చూశాడు, కింది వెలుతురుని చూశాడు. ఇంకేమీ అడగకుండా, ఆ వయసులో, ఊరి వైపు పరిగెత్తాడు.

అగ్నిమాపక దళం వచ్చేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా రోస్విటా గడప మీద కూర్చుని, తలుపు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. పట్టు వదిలితే దిగిపోతానని ఆవిడకి తెలుసు. గొంతు మొదట బతిమాలింది. తర్వాత చిన్నప్పుడు నదిలో జారిపడితే జుట్టు పట్టి లాగి కాపాడింది ఎవరని అడిగింది. నువ్వే అన్నయ్యా, అంది రోస్విటా. మరి రావేం, అంది గొంతు.

ఉన్నాను అన్నయ్యా, ఇక్కడే ఉన్నాను... అది తప్ప ఇంకేమీ అనలేకపోయింది. చేతకానితనం అంటే ఏమిటో ఆ అరగంటలో తెలిసిందని నాతో అంది.

ఆక్సిజన్ ముసుగులు తగిలించుకున్న ఇద్దరు మనుషులు ఆవిడని దాటుకుని దిగారు. గొంతు ఆగిపోయింది. తాడుతో ఎగిడ్‌ని పైకి లాగారు. లైటు చేతిలో బిగుసుకుపోయి, ఇంకా వెలుగుతూనే ఉంది.

దళంతో వచ్చిన డాక్టరు అతని దవడ కదపబోయాడు, కదల్లేదు. మోచెయ్యి పట్టి చూశాడు.

"ఇతను పోయి ఎనిమిది తొమ్మిది గంటలైందమ్మా. దిగిన నిమిషంలోనే పోయుంటాడు."

"నేను విన్నాను," అన్నాడు వొండ్రాక్, దారి మీద చతికిలబడి. "డాక్టరుగారూ, నేను కూడా విన్నాను."

డాక్టరు సంచీ మూసుకున్నాడు. ఆయనా ఈ లోయలో పుట్టినవాడే.

ఆ వారంలోనే తలుపు తీసేసి ఇటుకలతో గోడ కట్టించారు. రోస్విటా నడకల పని మానలేదు. మానితే తిండి ఎక్కడిది? వేరే దారి కూడా లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క నది, మధ్యన ఆ బాటే.

మరుసటి ఏడు అక్టోబరులో, పట్టపగలు, తొమ్మిదిమంది అతిథులతో ఆ గోడ ముందు నుంచి వెళుతోంది. గట్టిగా, ఆపకుండా ఏదో చెబుతూనే ఉంది. వెనక నడుస్తున్న ఒకావిడ ఆగిపోయింది. గోడ దగ్గరికి వెళ్ళి చెవి ఆనించింది.

"ఇదిగోనమ్మా... లోపల ఎవరో ఉన్నారు. రోసీ, రోసీ అని పిలుస్తున్నారు."

రోస్విటా వెనక్కొచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. మెల్లగా నది వైపుకి తిప్పింది.

"మా అన్నయ్య," అంది. "ఆగకండమ్మా, పడవ వెళ్ళిపోతుంది."