బ్యాటరీతో నడిచే పుంగనూరు ఆవు

"ఆవును బయటికి తోలండమ్మా. ఎండ ముదిరేలోపల కుప్పం చేరుకోవాల."

గేటు ముందు నిలబడి ఆ మాట అన్నవాడి వెనక ఒక మినీ లారీ ఉంది. అందులో పచ్చగడ్డి మోపు, కొత్త పలుపు, తళతళా తోమిన ఇత్తడి గంట. అన్నీ ఉన్నాయి. ఆవు ఒక్కటే తక్కువ.

అంబిక లోపలికి పోయి ఆవును తెచ్చింది. రెండు అరచేతుల మీద పెట్టుకుని తెచ్చింది.

అతను ఆ చేతుల వైపు చూశాడు. ఆమె భుజం మీదుగా పెరట్లోకి చూశాడు. మళ్లీ చేతుల వైపు చూశాడు.

"ఇది సరే. దీని తల్లి యాడుండాది?"

"దీనికి తల్లి లేదు. నేనే చేసినా."

"చేసినారా!"

"ప్లాస్టిక్ ఇటుకలతో. లోపల మోటారుండాది. నడుస్తాది."

అతను అరుగు మీద కూలబడ్డాడు. అతని పేరు చైతన్య అని, ముందు రోజు ఫోన్ చేసింది అతనేనని అప్పుడు చెప్పాడు.

పుంగనూరు ఆవంటేనే పొట్టిది. మా ఆవు నడుమెత్తంటే మా ఆవు మోకాలెత్తని, జనాలు పోటీపడి వీడియోలు పెడుతుంటారు. అంబిక వదిన ఇందు మేడ మీద ఆ బొమ్మను నడిపించి, వీపు మీద జాకెట్టు గుడ్డ కప్పి, మెడలో పూసలు వేసి, ఫోన్ నేలకానించి వీడియో తీసి స్టేటస్ పెట్టింది. అది చేతులు మారీ మారీ మసకబారి కుప్పం చేరింది. పక్కన మనిషి లేడు, బిందె లేదు, ఎంత ఎత్తో తెలిసేదానికి. చైతన్య నమ్మేశాడు. నెంబరు కనుక్కుని, మా ఇంటి గృహప్రవేశానికి మీ ఆవు కావాలన్నాడు. కొత్తింట్లో చుట్టాలకు చూపించుకునేదానికి అడుగుతున్నాడేమో పాపమని ఇందు సరేనంది.

"అయినా అంత చిన్నావు మీకెందుకప్పా?" అంది అంబిక.

"మాది గ్రానైట్ షాపు. కింద షాపు, పైన కొత్తగా ఇల్లు కట్టినా. మెట్లకు మంచి రాయేసి అద్దమట్ల పాలిష్ పట్టించినా."

"అయితే?"

"పక్కింటి అంజమ్మవ్వ ఆవును తెచ్చి ఎక్కించి సూసినాం. మొదటి మెట్టు మీద కాలుపెట్టి జర్రుమనింది. గోనెసంచులు పరిస్తే సంచితో సహా జారింది. ఇంక మెట్ల వైపు మొహం కూడా తిప్పలేదు. మా అమ్మేమో, ఆవు కాలుపెట్టని ఇంట్లో నేనూ కాలుపెట్టనని కూర్చునింది."

"అందుకని చిన్నావైతే ఎత్తుకొని పైకి పోవచ్చని!"

అంబిక నవ్వు ఆపుకోలేకపోయింది. లోపల్నించి ఇందు కూడా నవ్వింది.

"నవ్వండి, నవ్వండి. నిజమైన పొట్టావులుండేవోళ్లు కుప్పం దాకా లారీలో పంపేది లేదన్నారు. మీరేమో బొమ్మను సూపించి రమ్మన్నారు."

"మేం రమ్మనలేదు. మీరే గడ్డితో సహా వచ్చినారు."

చైతన్యకు కూడా నవ్వొచ్చింది. "వచ్చినా గదా, నడిపించి సూపించండి."

అంబిక దాన్ని అరుగు మీద పెట్టి మీట నొక్కింది. తెల్లటి ఆవు గుర్రుమంటూ కదిలింది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. ముందుకాలు లేచినప్పుడల్లా తల కొంచెం పైకి లేస్తోంది. చైతన్య మోకాళ్ల మీద వంగి, గడ్డం నేలకు ఆన్చినంత పనిచేసి చూశాడు.

"తల యాల ఊపుతాండాది?"

"నిజమావు అట్లనే ఊపుతాది. దానికోసమే లోపల ఇంకో గేరు పెట్టినా. ఆ ఒక్క గేరు కుదిరేదానికి చానా ఆదివారాలు పట్టినాయి."

ఇదివరకు చూసినవాళ్లంతా ఒకే మాట అడిగేవాళ్లు, ఇంత వయసొచ్చి ఈ ఆటలేంటని. తల ఎందుకు ఊపుతోందని ఎవరూ అడగలేదు. అంబికకు ఆ సంగతి మనసులో ఎక్కడో తగిలింది. కానీ అతను ఊరుకోలేదు.

"బాగుండాది. కానీ మా మెట్ల మీద ఇదీ జారుతాది."

"నా ఆవు జారదు."

"జారుతాది."

"రాయి తెచ్చి సూపించండి, సూద్దాం!"

* * *

అంబిక రోజూ బస్సులో మదనపల్లెకు పోయి కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. జీతంలో ఇంటికిచ్చింది పోగా మిగిలినదాంతో ఇటుకలు, మోటార్లు కొనుక్కుంటుంది. ఫోన్లో అట్లాంటి పిచ్చివాళ్ల గ్రూపొకటి ఉంది. డాక్టర్లు, డ్రైవర్లు, మనవళ్లున్న తాతలు. అందులో ఆమెను ఎవరూ ఎగతాళి చేయరు.

ఇంట్లో బాధ వేరు. ఇందు బిడ్డ ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఒక్క ముక్క కనబడకపోయినా ఇందుకు ప్రాణం నిలవదు. చాప ఎత్తి, మంచం జరిపి, బిడ్డ నోట్లో వేలుపెట్టి చూసేదాకా అన్నం ముట్టదు. ఆమెను తప్పుపట్టేదానికి లేదు, తల్లి కదా. అంబిక తల్లి దిగులు మరొకటి. మొన్న మదనపల్లె సంబంధం అన్నీ కుదిరాక, ఈ బొమ్మలు మాత్రం మా అక్క పిల్లలకు ఇచ్చేయాలన్నాడు పెళ్లికొడుకు. అంబిక వద్దంది. బొమ్మల కోసం మొగుణ్ని వద్దన్న పిల్ల అని పేరు పడింది. ఇంకెవరు వస్తారని ఆ తల్లికి నిద్ర లేదు. బయటికి చెప్పదు గానీ, అంబికకూ లేదు.

ఒక సాయంత్రం వాన దంచి కొడుతుంటే చైతన్య ఆ కళ్లద్దాల షాపులోకి వచ్చాడు. తల నించి నీళ్లు కారుతున్నాయి. చంకలో తువ్వాలు చుట్టిన రాతి పలక మాత్రం తడవలేదు.

"ఇదిగో, మా మెట్టు."

పక్క కౌంటర్లో దీపిక గుసగుసగా అంది, "మగపిల్లోళ్లు పూలు తెస్తారు గానీ, ఈయన రాయి తెచ్చినాడేమే!"

"ఊరుకోవే," అంది అంబిక. చెంపలు మాత్రం ఊరుకోలేదు.

ఆ బరువును ఒళ్లో పెట్టుకుని పుంగనూరు చేరింది. ఆ రాత్రే ఆవును దాని మీద పెట్టి చూసింది. ఆవు నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయి బొక్కబోర్లా పడింది.

మర్నాటి నించి ఫోన్లో మెసేజీలు.

"జారిందా?"

"పనుండాది."

"అయితే జారింది."

"మీకు షాపులో బేరాలు లేవా?"

"ఉండాయి. అయినా ఆవుకెట్లుందో అడగల్ల గదా."

ఒకరోజు ఓ పెద్దాయన కళ్లద్దాలు ముక్కు మీద నిలవడం లేదని వచ్చాడు. ముక్కుకానే చోట మెత్తటి ప్యాడ్లు మారుస్తూ అంబిక చేతులు ఆగిపోయాయి. ముక్కు మీద చెమటకే జారనిది, రాయి మీద జారుతుందా? సాయంత్రం నాలుగు ప్యాడ్లు కొనుక్కునిపోయి ఆవు కాళ్ల కింద అతికించింది. అద్దంలాంటి రాయి మీద ఆవు ఈ కొస నించి ఆ కొసకు తల ఊపుకుంటూ నడిచింది.

ఆమె పంపిన వీడియో చూసి మర్నాడు చైతన్య మదనపల్లె బస్టాండుకే వచ్చేశాడు. ఇద్దరూ మిరపకాయ బజ్జీలు పట్టుకుని చూరు కింద నిలబడ్డారు. తుంపర మీద పడుతోంది. ఇద్దరిలో ఒక్కరూ లోపలికి జరగలేదు.

"ఓడిపోయినా, ఒప్పుకుంటాండా," అన్నాడు.

"అది కాదు. మీకు కావాల్సింది చిన్నావు కాదప్పా. కాలికి పట్టు. పశువుల కొట్టంలో పరుస్తారే రబ్బరు మ్యాట్లు, అవి మెట్లకు పరవండి. అంజమ్మవ్వ ఆవే ఎక్కుతాది."

చైతన్య బజ్జీ నమలడం మానేశాడు. "ఇన్ని దినాలు ఊరంతా ఆవుల కోసం తిరిగినా. మెట్లను గురించి అనుకోనే లేదు!"

సంతోషం పట్టలేక ఇంకేదో అడగాలనుకున్నాడు. చెవి గోక్కున్నాడు. చివరికి నేల చూస్తూ, "అవునూ, పెళ్లయినాక ఇవన్నీ యాడ పెట్టుకుంటారు?" అన్నాడు.

అంబిక మొహంలో వెలుగు పోయింది. అందరూ చివరికి ఆ మాట దగ్గరికే వస్తారు. ఇతను కూడా.

"నా బస్సొచ్చింది," అని ఎక్కేసింది. బజ్జీ కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత అతను ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

* * *

గృహప్రవేశానికి పిలుస్తూ ఫోన్ చేసింది చైతన్య తల్లి రాజేశ్వరమ్మ. "ఏం బిడ్డా, మా ఆవుకు దారి సూపించిందానివి, నువ్వు రాకపోతే ఎట్లమ్మా? ఆ చిన్నావును కూడా తీసుకొని రా."

పెద్దామె నోరు తెరిచి అడిగితే కాదనేదెట్లా? ఇందు బిడ్డనెత్తుకుంది. నాన్న నరసింహులు కొత్త పంచె కట్టాడు. అంబిక చిన్నావును సంచిలో పెట్టుకుంది. అందరూ కుప్పం పోయారు.

మెట్ల మీద నల్లటి రబ్బరు మ్యాట్లు పరిచారు. అంజమ్మవ్వ ఆవు మొదటి మెట్టు వాసన చూసి నిలబడిపోయింది. ఇప్పుడు జారితే, ఆవు కాలు విరిగితే ఆ పాపం నాదే కదా అనుకుంది అంబిక. ఆవు కాలు పెట్టింది. నొక్కి చూసుకుంది. ఇంకో కాలు పెట్టింది. దూడ వెనకే గెంతుతూ, దాని వెనక రాజేశ్వరమ్మ కళ్లు తుడుచుకుంటూ పైకి పోయారు. కింద జనం గోవిందా అన్నారు.

చైతన్య అంబిక వైపు చూశాడు. అంబిక దూడ వైపు చూసింది.

పాలు పొంగాక రాజేశ్వరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఇల్లంతా చూపించింది. చివరి గదికి తలుపింకా పెట్టలేదు. గోడల మీద ఎర్ర పెన్సిలు గీతలు, కొట్టేసి మళ్లీ గీసిన గీతలు.

"ఇవేందమ్మా?"

"నన్నడుగుతావా? కబోర్డు చేయించరా అంటే, ఆగుమా, ఆ పాప ఎంత చోటు కావాల్నో చెప్పల్ల అంటాడు. ఏ పాపరా అంటే నోరు తెరవడు. అదిగో వచ్చినాడు, వాణ్నే అడుగు."

గుమ్మంలో చైతన్య తలవంచుకుని నిలబడ్డాడు. "బస్టాండులో అడిగినా గదా. మీరు బస్సెక్కి పోతిరి."

"అది అడగడమా? పెళ్లయినాక యాడ పెట్టుకుంటారు అన్నారు. ఎవరితో పెళ్లో చెప్పినారా?"

"భయమేసింది."

"ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేయమంటారనుకుంటి."

"ఇచ్చేస్తే ఈ గది ఏం చేసుకునేది?"

రాజేశ్వరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇదా సంగతి! రాయి కోసేవోడికి మాటలు రావని తెలుసు గానీ, ఇంత మొద్దనుకోలేదు. బిడ్డా, మీ నాయన కింద భోంచేస్తాండాడు. పోయి మాట్లాడేదా? నువ్వు ఊ అంటేనే."

అంబిక గోడ మీది గీతలు చూసింది. చాలా పెద్ద గది. కిటికీ బయట బెంగళూరు పోయే రైలు కూత వేసింది.

"మా నాయనకు ఇంకో వడ వేసి, ఆ తర్వాత అడగండమ్మా," అంది.

పెద్దామె మెట్లు దిగుతూ నవ్విన నవ్వు పైదాకా వినబడింది.

గదిలో ఇద్దరే మిగిలారు. చైతన్య జేబులోంచి కొలత టేపు తీశాడు. ఏం చేయాలో తెలియక దాన్నే లాగుతూ వదులుతూ ఉన్నాడు. అంబిక దాన్ని లాక్కుని, ఒక కొస అతని చేతిలో పెట్టింది.

"కిటికీ దగ్గర పట్టుకో."

అతను రెండడుగులు వేసి ఆగాడు. "ఏమన్నావు?"

"పట్టుకోమన్నా. వదిలేస్తే కొలత తప్పుతాది."

అతను వదల్లేదు.