బోల్టు మీద ఎర్రగీత

"డాక్టర్‌గారు పదకొండింటికల్లా ఓడరేవులో ఉండాలి. ఆవిడ బ్రీఫ్‌కేసులో కొత్త కోడ్ మెషీన్ ఉంది. అది చేరకపోతే సముద్రం మీదున్న మన నలభైమందీ శత్రువుకి దొరికిపోతారు," అన్నాడు చీఫ్.

"ప్రమాదం ఎటునుంచి సార్?"

"విదేశీ ముఠా మనలోనే ఒకరిని లాగేసింది. కొండదారిలో యాక్సిడెంట్ ప్లాన్. నా అనుమానం ఆ డ్రైవర్ అమ్మాయి మీదే. నల్లకళ్ళద్దాలు, నాలుగు భాషలు, ఆ సెంటు! ఆమె మీద ఓ కన్నేసి ఉంచు."

ఏజెంట్ పిల్లి దొంగమీసం అంటించుకుని, గుమాస్తా వేషంలో కారెక్కాడు. చీమ నడిచినా వింటాడని అతనికా పేరు. ఆ చెవులకి చదువు చెప్పింది మాత్రం బావ, అంటే అక్క మొగుడు, డిపార్ట్‌మెంట్ గ్యారేజీలో హెడ్ మెకానిక్. బ్రేకు కీచుమంటే ప్యాడ్ అరిగింది, గరగరమంటే ప్యాడ్ అయిపోయి ఇనుము రాసుకుంటోంది, టక్‌మంటే ఏదో వదులైంది. అక్షరాలకన్నా ముందు అతను నేర్చుకున్నవి ఇవే.

కొండ దిగడం మొదలైంది. డ్రైవర్ బ్రేక్ తొక్కింది. టక్.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఇవాళ పొద్దున్నుంచే. నిన్న కీచుమంటోందని గ్యారేజీలో ఇస్తే, హెడ్ మెకానిక్‌గారే ప్యాడ్లు మార్చి ఇచ్చారు."

బావ మీదికి నెట్టడానికి ఈ అమ్మాయికి నెపం భలే దొరికింది అనుకున్నాడు పిల్లి. గోడకి ఆనిస్తే పక్కగది గుసగుసలు వినిపించే పెన్నుని కాళ్ళ దగ్గర కారు అడుగుకి ఆనించి విన్నాడు. ముందు ఎడమ చక్రం. వెంటనే బావకి ఫోన్ చేశాడు.

"బావా, డాక్టర్‌గారి కారు టక్‌మంటోంది. నేనూ ఇందులోనే ఉన్నా."

అవతల పానా కిందపడ్డ చప్పుడైంది.

"నువ్వెందుకెక్కావురా?" అన్నాడు బావ. గొంతు సవరించుకున్నాడు. "కొత్త ప్యాడ్లు కదా, నాలుగుసార్లు తొక్కితే సర్దుకుంటుంది. ఆపకుండా దిగిపో."

పిల్లి మనసు తేలికపడింది. బావ మాటంటే మాటే. కానీ రెండో మలుపు దగ్గర చప్పుడు మారింది. టక్, టక్, ఆపైన ఇనుము ఈడ్చుకుపోతున్నట్టు గర్‌మని.

"ఆపు!" అంటూ హ్యాండ్‌బ్రేక్ లాగేశాడు. కారు గిర్రున తిరిగి లోయ అంచున ఆగింది. ఒక టైరు కింద రాళ్ళు జారిపోయాయి. డాక్టర్‌గారు బ్రీఫ్‌కేసుని గట్టిగా వాటేసుకుని కళ్ళు మూసుకున్నారు.

డాక్టర్‌గారిని దింపి, డ్రైవర్‌తో స్టీరింగ్ పక్కకి తిప్పించి, పిల్లి చక్రం వెనక తొంగిచూశాడు. బ్రేకు ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ ఒక పక్కకి వేలాడుతోంది. రెండు బోల్టుల్లో ఒకటి లేదు. రెండోది వేళ్ళతో లాగితే, తిప్పే పని లేకుండానే చేతిలోకి వచ్చేసింది. మరలు ఆకురాయితో అరగదీసి, మైనంతో అంటించారు. బ్రేకు వేడెక్కితే మైనం కరుగుతుంది.

"నేనే చేశాననుకుంటున్నారా?" అంది డ్రైవర్.

పిల్లి బోల్టుని వెలుగుకేసి తిప్పాడు. బోల్టు తల మీద ఎర్రరంగు ఉంది. బావ ప్రతి బోల్టూ బిగించాక, దాని మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒకే గీత గీస్తాడు. బోల్టు కదిలితే గీత తప్పుతుందని. ఆ రంగుసీసా ఆయన జేబు దాటదు. పిల్లి బోల్టుని మళ్ళీ కన్నంలో పెట్టి చూశాడు. గీత గీతకి సరిగ్గా కలిసింది. అంటే మైనంతో అంటించాకే, తీరిగ్గా గీశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది!

అది ఇంకెవరి కోసమో పన్నింది, సరే. కానీ నేనున్నానని చెప్పాక కూడా దిగిపొమ్మన్నాడే! పిల్లికి దుఃఖం పొంగుకొచ్చింది. మీసం ఊడిపోయినా చూసుకోలేదు.

వెనకొస్తున్న కూరగాయల వ్యాన్ ఆపి, డాక్టర్‌గారిని టమాటా బుట్టల మధ్య కూర్చోబెట్టాడు. కళ్ళద్దాల అమ్మాయే నడిపింది. పదకొండుకి ఒక నిమిషం ముందు ఓడరేవు గేటు దాటారు. దారిలోనే చీఫ్‌కి రెండు ముక్కల్లో చెప్పాడు: "గ్యారేజీ. మా బావ."

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "మీ బావ భోజనానికి రాలేదురా. ఫోనూ ఎత్తడం లేదు. నీకేమైనా చెప్పాడా?"

పిల్లి జేబులోని బోల్టుని పిడికిట్లో బిగించాడు.

"చెప్పాడక్కా. అంతా సర్దుకుంటుందన్నాడు."