ఎడమ కాలికి పని లేని కారు

శనివారం పొద్దున రూబియేలా మంచం అంచున కూర్చుని మోకాలి మందు ట్యూబును అడుగు నుంచి పైదాకా చుట్టుకుంటూ వచ్చింది. ఎంత నొక్కినా చిటికెడు కూడా రాలేదు.

"కొని పది రోజులు కాలేదు, అప్పుడే అయిపోయింది! ఆ మందుల షాపువాడు సగం గాలి నింపి అమ్ముతున్నాడు," అని పైకే తిట్టింది.

"వాణ్ణేమీ అనకు, పాపం," అన్నాడు వంటింట్లోంచి ఆవిడ మొగుడు ఎవేలియో. నలభై ఏళ్ళు జీపులు నడిపి, జీపులు బాగుచేసి, ఇప్పుడు పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిరగేసే పనిలో పడ్డాడు. మందుల షాపువాడి మీద ఆయనకి ఇంత జాలి ఎప్పుడు పుట్టిందో రూబియేలా పట్టించుకోలేదు. వంటింటి గుమ్మానికి పచ్చి అరటిగెల వేలాడుతోంది. ఎవరో స్నేహితుడు గురువారం గురువారం ఒకటి దింపి పోతున్నాడట. దాన్నీ పట్టించుకోలేదు. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళయ్యాక అన్నీ పట్టించుకుంటూ కూర్చుంటే కాపురం సాగదు.

రూబియేలాకి యాభై తొమ్మిది. ఇరవై రెండేళ్ళు మనిసాలెస్ అనే కొండల ఊరి వీధుల్లో బడి వ్యాను నడిపింది. ఆ ఊళ్ళో చదునైన వీధి కావాలంటే వెతుక్కోవాలి. పిల్లలు ఎక్కితే క్లచ్, దిగితే క్లచ్, మలుపు మలుపుకీ క్లచ్. తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు అరిగిపోయింది. దాన్ని కోసి లోపల లోహపు ముక్క పెట్టిన డాక్టరు, "ఇక జన్మలో క్లచ్ జోలికి వెళ్ళకండి," అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆవిడ ప్రాణం ఎవేలియో తీరిక మీద ఆధారపడింది. "రేపు తీసుకెళ్తాలే," అనేవాడు. ఆ రేపు వచ్చాక ఆవిడ కోటు తొడుక్కుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కుర్చీలో ఎదురుచూసేది. ఒక్కోసారి చీకటి పడేదాకా చూసి, కోటు విప్పి కొక్కేనికి తగిలించేది. ఊళ్ళో పిల్లలందరినీ మోసిన మనిషి తనని మోసేవాళ్ళ కోసం కూర్చోవడం మోకాలి కోత కంటే ఎక్కువగా బాధించింది.

అందుకే కిందటేడు దాచుకున్న డబ్బంతా పెట్టి ఆటోమేటిక్ కారు కొంది. పాతదే, బూడిద రంగుది. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు, కొన్నాక వాళ్ళు సరిగ్గా అదే అన్నారు. "అది బండి కాదు, ఆటబొమ్మ. ఈ కొండల్లో ఆరు నెలలు తిరగదు. దాని గేరుపెట్టె పోయిన రోజున నిన్ను నట్టడవిలో వదిలేస్తుంది. నేను చచ్చినా దాని స్టీరింగు ముట్టను," అన్నాడు ఎవేలియో. స్టీరింగు ముట్టలేదు గానీ రోజూ సాయంత్రం దాని వెనక చక్రం కింద రాయి మాత్రం పెట్టేవాడు. వాళ్ళ వీధి నిచ్చెన వేసినట్టుంటుంది మరి.

మొదటి వారం రూబియేలా ఎడమ కాలు అలవాటు కొద్దీ లేని క్లచ్ కోసం వెతికి బ్రేకు మీద పడేది. కారు నడివీధిలో గతుక్కుమని ఆగేది. వెనకవాళ్ళు హారన్లు మోగించేవాళ్ళు. చివరికి ఎడమ బూటు విప్పి వెనక సీట్లో పడేసి, ఉత్త మేజోడుతో కూర్చుని నేర్చుకుంది. బూటు లేని కాలికి తనకి పని లేదన్న సంగతి గుర్తుండేది. ఆ రోజు నుంచి కిటికీ దగ్గర కుర్చీలో పిల్లి పడుకుంటోంది.

శనివారం బజారుకి బయల్దేరినప్పుడు సీటు కొంచెం వెనక్కి ఉన్నట్టనిపించి ముందుకి లాక్కుంది. డ్రైవ్‌లో వేయగానే కింద ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. ఎగువకి ఎక్కుతుంటే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. ముందు పలక మీద పసుపు దీపం వెలిగింది. మెల్లగా ఇంటికి తిప్పుకొచ్చేసరికి ఎవేలియో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"చెప్పానా?" అన్నాడు. ఎప్పుడూ ఆ మాట అన్నాక అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు ఈసారి అంతటితో ఆపి లోపలికి వెళ్ళిపోయాడు.

"సోమవారం వర్క్‌షాపుకి తీసుకెళ్తాను," అంది రూబియేలా.

ఎవేలియో గిరుక్కున తిరిగాడు. "వద్దు! ఆ పెట్టె ఒకసారి విప్పారంటే మళ్ళీ మూయరు. ఉన్నదున్నట్టు అమ్మేద్దాం," అన్నాడు కుడి భుజం తడుముకుంటూ.

*

మర్నాడు ఆదివారం భోజనానికి కొడుకు ఫెర్నే వచ్చాడు. వెంట దోన్ గిల్దార్దో అనే పెద్దమనిషి ఉన్నాడు. చేతులు కడుక్కోకముందే కారు చుట్టూ రెండుసార్లు తిరిగి చక్రాలు తన్ని చూశాడు. రూబియేలా కిటికీలోంచి చూసి, చిక్కుళ్ళ కూర వడ్డించింది.

"అమ్మా, కోపం తెచ్చుకోకు. దోన్ గిల్దార్దో తీసుకుంటానంటున్నారు," అన్నాడు ఫెర్నే.

"ఏం తీసుకుంటారు? ఇంకో అవకాడో ముక్కా?"

"కారమ్మా."

"ఎవరి కారు?"

ఫెర్నే తండ్రి వైపు చూశాడు. తండ్రి పళ్ళెం వైపు చూశాడు.

దోన్ గిల్దార్దో గొంతు సవరించుకున్నాడు. "ఆటోమేటిక్‌ని నమ్మలేమండీ. మా బావమరిది కారు కొండ దిగువన ఆగిపోతే..."

"మీ బావమరిది సంగతి తర్వాత, ముందు కూర తినండి. చల్లారుతోంది."

"అమ్మా, నీ మంచికే చెప్తున్నాం. ఎక్కడైనా దారిలో ఆగిపోతే ఒక్కదానివి ఏం చేస్తావు?" అన్నాడు ఫెర్నే. "నాన్న ఉన్నాడుగా తీసుకెళ్ళడానికి!"

రూబియేలా గరిటె గిన్నెలో పెట్టింది. కోపం నెత్తికెక్కితే ఆవిడ మొగుణ్ణి 'మీరు' అంటుంది. ఆ మాట వినపడితే ఇంట్లో పిల్లితో సహా అందరూ సర్దుకుంటారు.

"మీరే పిలిపించారన్నమాట ఈయన్ని. నా వెనకాల. ఎవేలియోగారూ, మీ గేర్లు నమ్మకమైనవని ముప్ఫై ఆరేళ్ళుగా వింటున్నాను. ఆ నమ్మకమైన గేర్లే నా మోకాలు తినేశాయి. ఇది పాడైతే బాగుచేయిస్తాను. బాగుపడకపోతే ఇంకోటి కొంటాను, అదీ ఆటోమేటిక్కే. అదీ పోతే గాడిదనెక్కి తిరుగుతాను. ఆ కిటికీ దగ్గర మాత్రం ఇక కూర్చోను. విన్నారా?"

"రూబీ, నెమ్మదిగా..."

"నెమ్మదిగా రెండేళ్ళు ఉన్నాను. చాలు."

బల్ల మీదున్న కారు తాళం తీసి గౌను మెడలోంచి లోపలికి జారవిడిచింది. అక్కడ చెయ్యి పెట్టే ధైర్యం ఆ గదిలో ఎవడికీ లేదు. దోన్ గిల్దార్దో కూర మొత్తం తిని, చాలా బాగుందని చెప్పి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

*

సోమవారం పొద్దున్నే రూబియేలా పసుపు దీపంతోనే కారు తీసింది. వణుకుతున్న కారుని, "ఓర్చుకో తల్లీ, వచ్చేశాం," అని బుజ్జగిస్తూ ఊరవతల వర్క్‌షాపు చేరింది. ఆటోమేటిక్ గేరుపెట్టెలు తప్ప ఇంకేం ముట్టని చోటు అది. నడిపేది యానెత్ అనే ముప్ఫై అయిదేళ్ళ మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ.

యానెత్ గేరుపెట్టె నూనె కొంచెం తీసి తెల్లకాగితం మీద చుక్కవేసింది. ఎర్రగా ఉండాల్సింది కాఫీ రంగులో ఉంది, మాడు వాసన వస్తోంది. తర్వాత ముందు చక్రం విప్పి బ్రేకు డిస్కు చూపించింది. అది కాలి నీలం తిరిగిపోయింది.

"కారులో ఏ తప్పూ లేదు రూబియేలాగారూ. దిగుడులో న్యూట్రల్లో పెట్టి జారవిడుస్తున్నారు. బండి బరువంతా బ్రేకుల మీద పడుతోంది. కిందకొచ్చాక ఆగకుండానే మళ్ళీ డ్రైవ్‌లోకి తోస్తున్నారు, ఆ దెబ్బ గేరుపెట్టెకి తగులుతోంది. పెట్రోలు మిగులుతుందని పాత జీపువాళ్ళు చేసే పని ఇది."

రూబియేలాకి ఒళ్ళు మండింది. "నేనా? ఇరవై రెండేళ్ళలో పిల్లలున్న బండిని ఒక్కరోజూ న్యూట్రల్లో దించలేదు. కావాలంటే ఆ పిల్లల్ని అడుగు, ఇప్పుడు వాళ్ళకే పిల్లలున్నారు!"

"మీరు కాకపోతే ఇంకొకరు. ఈ డిస్కులు ఇంతలా కాలాలంటే మీ వీధి దిగుడు చాలదు. చించినా ఊరి దాకా దిగి ఉండాలి, అదీ ఒక్కసారి కాదు."

చించినా. అరటి తోటల ఊరు. రూబియేలా వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. తలుపు వేసుకోగానే పుదీనా ఘాటులాంటి మందు వాసన తగిలింది. ఇన్నాళ్ళూ అది తన మోకాలి వాసనే అనుకుంది. కానీ మందు అయిపోయి రెండు రోజులైంది. వాసన తన కాలి దగ్గర్నించి రావడం లేదు, సీటు పైభాగం నుంచి, భుజం ఆనే చోటునుంచి వస్తోంది. గురువారాలు తను చర్చి పాటల సాధన కోసం రెండు వీధుల అవతలికి కర్ర పట్టుకుని నడిచి వెళ్తుంది. మూడు గంటలు తిరిగి రాదు. గురువారాలే అరటిగెల వస్తుంది.

"బాగవుతుందా?" అని అడిగింది.

"నూనె, ఫిల్టరు, బ్రేకు డిస్కులు మారిస్తే చాలు. ఇంకో నెల ఆలస్యమైతే పెట్టె మార్చాల్సొచ్చేది," అంది యానెత్.

*

మధ్యాహ్నం మూడింటికి కారు కొత్త పెళ్ళికూతురిలా అణకువగా కొండెక్కింది. ఎవేలియో పెరట్లో, పరదా కప్పిన తన జీపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భార్య ముఖం చూసి లేచాడు.

"మీ జీపు కదిలి ఎన్నాళ్ళయింది?" అంది రూబియేలా.

"కార్బురేటర్ ముక్క రావాలి..."

"ఏడు నెలల్నించీ వస్తూనే ఉందా? నడిచొచ్చినా ఈపాటికి వచ్చుండేది. ఎక్కి కూర్చోండి."

"ఎందుకు?"

"ఎక్కండి."

ఎవేలియో పరదా తొలగించి ఎక్కాడు.

"రెండో గేరు వెయ్యండి."

ఆయన గేరు కర్ర పట్టుకుని ముందుకి తోశాడు. సగం దూరం వెళ్ళాక చెయ్యి ఆగిపోయింది. పళ్ళు బిగించాడు, నుదుట చెమట పట్టింది. ఎడమ చెయ్యి కూడా వేసి తోయబోయాడు. రూబియేలా ఆ రెండు చేతుల మీదా తన చెయ్యి పెట్టి ఆపింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు శనివారం ఎందుకు భుజం తడుముకున్నాడో ఆవిడకి ఇప్పుడు అర్థమైంది. పాపం, దొంగతనంతో పాటు నొప్పి కూడా నిజమే.

"ఎప్పట్నించీ?"

"మార్చి నించి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "జీపు నడపలేనని చించినా చౌరస్తాలో మన జీపువాళ్ళకి ఎలా చెప్పను రూబీ? గురువారం వెళ్ళకపోతే చచ్చాడనుకుంటారు. నీ కారు చౌరస్తాకి రెండు వీధుల అవతల పెట్టి నడిచెళ్ళేవాణ్ణి. న్యూట్రల్ దానికి పడదని తెలీదు, ఒట్టు. శనివారం అది వణికినప్పుడు నాకు తెలిసిపోయింది, నేనే చంపానని. వర్క్‌షాపులో బయటపడుతుందని అమ్మేద్దామన్నాను."

"నాకు చెప్తే ఏం పోయేది?"

"కిటికీ దగ్గర కూర్చోబెడతావనుకున్నా," అన్నాడు ఎవేలియో.

రూబియేలాకి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "నువ్వు నన్ను కూర్చోబెట్టినట్టా?"

ఆ మాటకి ఎవేలియో తలెత్తాడు. రెండేళ్ళపాటు తను 'రేపు' అన్న ప్రతిసారీ కోటు తొడుక్కుని కూర్చున్న మనిషి ఆయనకి అప్పుడు కనిపించింది. స్టీరింగు మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రూబియేలా ఆయన కుడి భుజం నొక్కుతూ నిలబడింది, కానీ అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు.

"ఏడుపు తర్వాత. ముందు ఫెర్నేకి ఫోను చెయ్యి. కారు ఎవరు పాడుచేశారో నీ నోటితో చెప్పు. ఆ తర్వాత మందుల షాపుకెళ్ళి రెండు ట్యూబులు పట్రా. షాపువాడికి నా తరఫున క్షమాపణ చెప్పు."

ఆయన మూడూ చేశాడు.

*

గురువారం రూబియేలా పాటల సాధన మానేసి కారు తీసింది. ఎవేలియో పక్క సీట్లో కూర్చున్నాడు. చించినా దిగుడు మొదలవగానే ఆయన చెయ్యి తనకి తెలియకుండానే న్యూట్రల్ వైపు పాకింది. ఆవిడ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"తియ్యి! కిందటిసారి మాడ్చింది చాల్లేదా?"

"నలభై ఏళ్ళ అలవాటే, ఏం చెయ్యను?"

"చేతులు కట్టుకు కూర్చో."

చించినా చేరాక ఎవేలియో ఆ రెండో వీధిలోకి తిప్పమని వేలు చూపించాడు. రూబియేలా వినలేదు. నేరుగా చౌరస్తాలోకి పోనిచ్చి, వరసగా నిలిపిన జీపుల మధ్య ఖాళీలో ఆపింది. కాఫీ తాగుతున్న జీపువాళ్ళు కప్పులు దించారు.

"ఏమయ్యా ఎవేలియో, బొమ్మలో వచ్చావా?" అని కేకేశాడొకడు. మిగతావాళ్ళు గొల్లుమన్నారు.

ఎవేలియో ముఖం ఎర్రబడింది. కారు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది మా ఆవిడ కారు. నా భుజం పోయింది, జీపు నడపలేను. ఇన్నాళ్ళూ దీన్ని ఆ వెనక వీధిలో దాచి వచ్చాను," అన్నాడు అందరికీ వినపడేలా. "తిరిగి వెళ్ళేటప్పుడు నేను నడుపుతా, ఆవిడ ఒప్పుకుంటే."

నవ్వులు ఆగిపోయాయి. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమ భుజాలూ మోకాళ్ళూ తడుముకోవడం రూబియేలా కంటపడింది.

ఆవిడ దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి తాళం ఆయన చేతిలో పెట్టింది.

"ఎడమ బూటు విప్పి వెనక సీట్లో పడెయ్యి. ఆ కాలికి ఇక్కడ పని లేదు."

అంతమంది జీపువాళ్ళు చూస్తుండగా ఎవేలియో వంగి, బూటు ముడి విప్పాడు.