వంతెన చరిత్రలో లేని గది

భార్య చావుబతుకుల మధ్య ఉన్నప్పుడు మరదలు అతనికి కబురు పెట్టలేదు. మిషన్ ముగించుకుని అతను ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆ మరదలే ఇప్పుడు పాత వంతెన మళ్లీ తెరిచే సభలో, స్టేషన్ వేదిక మీద ఉంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, చరిత్రకారిణి వేషం. విదేశీ ముఠాలో ఉన్నా తను మన మనిషినేనని గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు చెప్పుకుంటుంది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె తమ మనిషని ముఠా నమ్ముతుంది.

అతనూ ఆ డిపార్ట్‌మెంట్ ఏజెంటే, మైక్ మెకానిక్ వేషంలో కింద ఉన్నాడు. అతని చెవిలో రిసీవర్ గరగరలాడింది.

"ముళ్లకంపా!" చీఫ్ అతన్ని అలాగే పిలుస్తాడు. "శాంతి ఒప్పందం ప్రతినిధుల రైలు బయల్దేరింది. పాత వంతెన దాటాలి. దాని మీద బాంబు ఉందని సమాచారం. పట్టాలన్నీ వెతికించాం, దొరకలేదు."

"రైలు ఆపించండి."

"రైలు ఆగితే ఒప్పందం ఆగినట్టే. వాళ్లకి కావాల్సిందదే. మీ మరదలి మీద ఓ కన్నేసి ఉంచు. తేడా వస్తే కాల్చెయ్. బంధుత్వం చూడకు."

"ఆ బంధుత్వం ఎప్పుడో తెగింది."

ఆమె పక్కనే వంతెన మరమ్మతుల ఇంజనీరు. కోటు జేబులోంచి చెయ్యి తియ్యడం లేదు.

"మొదట దీని మీద బొగ్గు బళ్లు నడిచాయి," ఆమె అతిథులకు చెబుతోంది. "తర్వాత మిల్లుకు చెరకు. లైను మూసేశాక గొర్రెల మందలు దాటేవి. ఆ తర్వాత ఊరికి మంచినీళ్ల పైపు..."

అతని చెయ్యి మైకు తీగ మీద ఆగిపోయింది. యుద్ధం ఏది?

మామగారు ఒకప్పుడు ఆ వంతెన కాపలాదారు. అన్నం ముందు కూర్చుంటే చాలు, ఒకటే కథ. యుద్ధకాలంలో, శత్రువు వస్తే మన వంతెన మనమే పేల్చేసుకోవాలని సైన్యం మూడో స్తంభం కడుపులో మందుగుండు గది తొలిచిందట. కూతుళ్లిద్దరికీ, అల్లుడికీ చెవులు చిల్లులు పడేవి. ఆమె మర్చిపోయే ప్రశ్నే లేదు. కావాలనే మింగేసింది.

బాంబు దాచడానికా? అతనికి చూపడానికా?

నమ్మబుద్ధి కాలేదు. అయినా వెళ్లాడు.

మూడో స్తంభం అడుగున, అల్లుకున్న తీగల వెనక ఇనుప తలుపు. తలుపుకి తుప్పు, బందులకి కొత్త గ్రీజు. లోపల టైమర్ టిక్కుటిక్కుమంటోంది. అతను పెన్ను క్యాప్ తీశాడు. లోపల సన్నటి కట్టర్.

"మైకు ఇక్కడ పాడైందా, మెకానిక్ గారూ?"

వెనక ఇంజనీరు. జేబులోని చెయ్యి ఇప్పుడు బయట ఉంది, పిస్టల్‌తో సహా.

తుపాకి పేలింది. కూలింది ఇంజనీరు. గుమ్మంలో మరదలు.

"చూస్తావేంటి బావా! ఎర్ర వైరు ముట్టుకోకు. తెల్లది కొయ్!"

నమ్మాలా? రైలు కూత వేసింది. స్తంభం వణికింది. కోశాడు, తెల్లదే.

టైమర్ ఆగింది. నెత్తి మీదుగా రైలు దడదడలాడుతూ వెళ్లిపోయింది. సున్నం పొడి ఇద్దరి మీదా రాలింది.

"నోరు విప్పితే వాడు అక్కడే చంపేసేవాడు," అందామె రొప్పుతూ. "నేను చెప్పకుండా వదిలేసింది నువ్వొక్కడివే పట్టుకుంటావనుకున్నా."

అతను పెన్నుకి క్యాప్ పెట్టాడు.

"అక్క సంగతి కూడా అంతే బావా. నీ మిషన్ చెడుతుందని తనే చెప్పొద్దంది. ఒట్టేయించుకుంది."

అతను గుమ్మం వైపు తిరిగాడు.

"ముళ్లకంపా!" చెవిలో చీఫ్. "ఏమైంది? మీ మరదలు ఏమంటోంది?"

"వంతెన క్షేమం," అన్నాడతను. "మిగతాది అడక్కండి. ఇప్పుడే కాదు, ఎప్పుడూ."