జగదీష్ రైఫిల్ ఖరీదు

ఆదివారం పొద్దున్నే రేణు పెసరట్లు వేస్తోంది గానీ, మనసు పెనం మీద లేదు. ఒకటి మాడింది. ఇంకోటి చిరిగింది. అట్లకాడని విసురుగా సింక్‌లో పడేసి, "ఇవాళ మాత్రం వదిలేది లేదు" అని పైకే అనేసింది.

బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్న కూతురు నైనిక తలెత్తింది. "ఎవరితో మాట్లాడుతున్నావ్, మామ్?"

"మీ పెదనాన్నతో. ఇది రిహార్సల్. అసలుది మధ్యాహ్నం."

"మామ్! ఇవాళ ఆయన సిక్స్‌టీయత్ బర్త్‌డే. ఇల్లంతా గెస్ట్స్ ఉంటారు."

"ఉంటారనే కదా ఇవాళ ముహూర్తం పెట్టుకున్నాను! నలుగురి ముందు అడిగితే గానీ ఆ పెద్దమనిషికి సిగ్గు తెలియదు."

నైనికకి పదహారేళ్లు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు తడుముకుంటూ మాట్లాడుతుంది గానీ, చెప్పాల్సింది మాత్రం సూటిగా చెబుతుంది. "డాడ్ సైడ్ నాకు పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. నువ్వు ఫైట్ చేస్తే ఇంక వాళ్ల ఇంటికి వెళ్లం. అంతేనా?"

"అంతే. మోసం చేసినవాళ్ల గుమ్మం తొక్కాల్సిన ఖర్మ మనకేం పట్టలేదు."

పిల్ల ప్లేట్ అలాగే వదిలేసి మేడ మీదికి వెళ్లిపోయింది. వెళ్తే వెళ్లనీ అనుకుంది రేణు. తండ్రి వస్తువుని అప్పనంగా కొట్టేసినవాడి మీద దీనికి ఇంత ప్రేమేమిటో!

రేణు కడుపుమంటకి కారణం ఒక తుపాకీ. ఆమె భర్త జగదీష్‌కి పాత రైఫిళ్ల పిచ్చి ఉండేది. టెక్సాస్ వచ్చిన తెలుగువాళ్లు కొందరు గోల్ఫ్ నేర్చుకుంటారు, కొందరు ఇళ్లు కొని అద్దెకిస్తారు. ఈ మహానుభావుడు మాత్రం వారం వారం షూటింగ్ రేంజ్‌కి వెళ్లేవాడు. ఉన్నవన్నీ అమ్మేసినా ఒక్కదాన్ని మాత్రం వదల్లేదు. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి జాన్సన్ సెమీ ఆటోమేటిక్. "ఇవి ఎక్కువ తయారవలేదు రేణూ, ఇప్పుడు దొరకడమే కష్టం" అని దాన్ని చూసి మురిసిపోయేవాడు.

రెండేళ్ల క్రితం క్యాన్సర్ అతన్ని తీసుకుపోయింది. కర్మ అయిన మర్నాడే అతని అన్న మల్లికార్జునరావు వచ్చాడు. "ఆడపిల్ల తిరిగే ఇంట్లో ఇదెందుకమ్మా, నేను తీసుకుంటాను" అని రెండున్నర వేల డాలర్లకి చెక్కు రాసిచ్చి, రైఫిల్‌ని కార్‌లో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏడ్చి ఏడ్చి ఉన్న రేణు సరేనంది. ఏం సరేనందో కూడా ఆ రోజు ఆమెకి తెలియదు.

పోయిన నెలలో స్నేహితురాలు విజయశ్రీ ఇంట్లో భోజనాల దగ్గర ఆ ప్రస్తావన వచ్చింది. "జాన్సనా? మంచి కండిషన్‌లో ఉంటే ఏడు వేలకి తగ్గదండీ. మొన్న వేలంలో నా కళ్లతో చూశాను" అన్నాడు విజయశ్రీ భర్త. అంతే, రేణు చేతిలో ముద్ద కంచంలో పడేసింది. డబ్బు కోసం కాదు. ఆమెకి బ్యాంక్‌లో మంచి ఉద్యోగం ఉంది. మొగుడు పోయి దిక్కు తోచక కూర్చున్నదాన్ని చూసి, ఇదే అదనని ఇంటి మనిషే దోచుకున్నాడన్నది ఆమెని తినేసింది. అంతటి సంతాపంలోనూ ఆయన లెక్క మాత్రం తప్పలేదన్నమాట!

ఆ రోజు నుంచి ఆమెకి వేరే ఆలోచన లేదు. కార్ నడుపుతూ మాటలు కూర్చుకునేది. స్నానం చేస్తూ వాటికి పదును పెట్టుకునేది. బావగారి మొహం అందరి ముందు ఎలా మాడిపోతుందో తలుచుకుంటే ఆమెకి హాయిగా నిద్ర పట్టేది. పాత తుపాకులకి ధర కట్టే డయాన్ అనే ఆవిడని వెతికి పట్టుకుంది. "కండిషన్ ఎలా ఉంటుంది?" అని డయాన్ ఫోన్‌లో అడిగితే, "అద్దంలా ఉంటుంది. నా చేతులతో నేనే శుభ్రం చేశాను" అని గొప్పగా చెప్పింది. "శుభ్రం చేశారా?" అని రెట్టించింది అవతల ఆవిడ. చూస్తే గానీ చెప్పలేనంది.

మల్లికార్జునరావు ఇంటి గుమ్మంలో చెప్పులు గుట్టపడి ఉన్నాయి. లోపల పులిహోర వాసన, పిల్లల గోల. పెళ్లికి వెళ్తున్నంత శ్రద్ధగా పట్టుచీర కట్టుకొచ్చిన రేణు, డయాన్‌ని వెంటబెట్టుకుని తిన్నగా హాల్ మధ్యకి నడిచింది. వెనకాల నైనిక తల దించుకుని నిలబడింది.

తోటికోడలు అనురాధ గరిటె పట్టుకునే ఎదురొచ్చింది. "ఇంత లేటేమిటే రేణూ! నువ్వొస్తే గానీ కేక్ కట్ చెయ్యనని మీ బావగారు కూర్చున్నారు. ఈవిడెవరు, మీ ఆఫీసా?"

"కాదక్కా. డయాన్ గారు తుపాకులకి ధర కడతారు. బావగారికి బర్త్‌డే గిఫ్ట్‌గా తీసుకొచ్చాను."

సోఫాలో కూర్చున్న మల్లికార్జునరావు లేచి నిలబడ్డాడు. అసలే మితభాషి. "ఇప్పుడెందుకమ్మా అదంతా, ముందు భోజనం చెయ్యండి" అన్నాడు.

"భోజనం ఎక్కడికీ పోదు బావగారూ. మా ఆయన రైఫిల్ ఒకసారి బయటికి తియ్యండి. దాని సరైన ధరెంతో వీళ్లందరూ కూడా వింటారు."

ఆయన మొహం పాలిపోయింది. ఆ మొహం చూశాక రేణుకి ప్రాణం లేచొచ్చింది. దీని కోసమే కదా నెల్లాళ్లుగా కాచుక్కూర్చుంది!

ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నీకు ఎంత రావాలనుకుంటున్నావో చెప్పు, ఇప్పుడే రాసిస్తాను. అది మాత్రం తియ్యమనకు."

"విన్నారా అందరూ?" రేణు గొంతు ఇల్లంతా వినిపించింది. "తప్పు చెయ్యనివాడు ఇలా బేరమాడతాడా? తమ్ముడు పోయిన ఇంట్లో, కర్మ అయిన మర్నాడు, ఏడు వేల వస్తువుని రెండున్నర వేలకి ఎత్తుకొచ్చారు ఈ పెద్దమనిషి! ఇవాళ ఈయనకి మీరంతా దండలు వేస్తున్నారు!"

ఎవరో గ్లాస్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. మల్లికార్జునరావు ఆఫీస్ రూమ్‌లోకి నడిచి సేఫ్ తెరిచాడు. రేణు, డయాన్, అనురాధ వెనకాలే వెళ్లారు. నైనిక తలుపు దగ్గర ఆగింది.

డయాన్ గ్లవ్స్ వేసుకుంది. లోపల తూటాలు లేవని చూసుకుని, రైఫిల్‌ని బల్ల మీద తువ్వాలు పరిచి పడుకోబెట్టింది. కిటికీ వెలుతురులో అది ధగధగ మెరిసింది. ఆ మెరుపు చూసి రేణు మనసు ఉప్పొంగింది. డయాన్ మాత్రం నిట్టూర్చింది.

"అయ్యో" అంది, ఇంగ్లీషులోనే, నెమ్మదిగా. "ఈ ఇనుము మెరవకూడదండీ. దీని మీద కళ తప్పినట్టుండే బూడిద రంగు పూత ఉండేది. ఫ్యాక్టరీలో వేసిన పూత అది. ఎవరో ఏదో యాసిడ్‌తో రుద్ది, దాన్ని మొత్తం తీసేశారు. చెక్కకి శాండ్‌పేపర్ కొట్టి వార్నిష్ కూడా వేశారు. పాతవి కొనేవాళ్లకి కావలసింది ఆ పాతదనమే. అది ఉండి ఉంటే ఏడు వేలు ధైర్యంగా చెప్పేదాన్ని. ఇప్పుడు రెండు వేలు. అంతకన్నా ఎవరైనా ఎక్కువిచ్చారంటే ఇష్టంతో ఇచ్చినట్టే."

రేణు ఒక్కసారిగా బావగారి మీదికి తిరిగింది. "కొట్టేసింది చాలక పాడు కూడా చేశారా? ఆయన ప్రాణంలా చూసుకున్న వస్తువు! మీ చేతులెలా వచ్చాయి?"

అనురాధ ఇంక ఆగలేకపోయింది. "నోర్ముయ్ రేణూ!"

"అనూ, వద్దు" అన్నాడు ఆయన.

"ఎందుకొద్దండీ? ఇంటినిండా జనాన్ని పెట్టుకుని మిమ్మల్ని దొంగని చేస్తుంటే, నేను పులిహోర వడ్డించుకుంటూ కూర్చోవాలా?" అనురాధ రేణు చెయ్యి పట్టుకుంది. "అది పాడుచేసింది నువ్వేనే తల్లీ. జగదీష్ ఉండగా వచ్చిన ఆ చివరి దసరాకి. ఆయుధ పూజకని చింతపండూ స్క్రబ్బరూ పెట్టి తోమావు. గుర్తు తెచ్చుకో."

రేణుకి గుర్తు తెచ్చుకోవలసిన పని లేదు. ఆ రోజుని ఆమె ఎప్పుడు మరిచిపోయింది కనుక? కానీ పూజకని తోమడమే దాన్ని పాడుచెయ్యడమని ఆమెకి ఇంతవరకూ తట్టలేదు. కీమో మధ్యలో జగదీష్ ఇంట్లో పడుకుని ఉన్నాడు. కార్లకి బొట్లు పెడుతుంటే రైఫిల్ కంటపడింది. బూడిద పట్టినట్టు, మాసిపోయి ఉంది. ఆయనకి ఇష్టమైన వస్తువు ఇలా ఉంటే అమ్మవారు ఎలా కరుణిస్తుందని, గరాజ్‌లో కూర్చుని పగలంతా తోమింది. ఇత్తడి బిందెలు తోమినట్టు తోమింది. చెక్కకి శాండ్‌పేపర్ కొట్టి, వార్నిష్ వేసి ఆరబెట్టింది. పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టి, ఈయన్ని నాకు వదిలెయ్యి తల్లీ అని మొక్కుకుంది. సాయంత్రం జగదీష్ గోడ పట్టుకుని నడిచొచ్చి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నీరసమేమో అనుకుంది. తర్వాత, "బంగారంలా చేశావు రేణూ" అని ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆయన జబ్బులో తను చేసిన ఒకే ఒక్క మంచి పని అదేనని రేణు ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చింది.

"ఆయనకి తెలుసా?" అంది.

మల్లికార్జునరావు కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టాడు. "ఆ సాయంత్రమే వాడు బ్యాక్‌యార్డ్‌లోకి వెళ్లి నాకు ఫోన్ చేశాడమ్మా. 'అన్నయ్యా, నా జాన్సన్‌ని రేణు చారు గిన్నెలా తోమేసింది' అన్నాడు. 'చింతపండుకి దాని చేతులు ఒలిచేసినట్టున్నాయి, ఆ చేతులు చూశాక నోట మాట రాలేదు' అన్నాడు. 'నేను పోయాక ఎవరైనా ధర కడితే రేణుకి తెలిసిపోతుంది, జీవితాంతం కుమిలిపోతుంది, ఆ రైఫిల్ నీ దగ్గర పెట్టుకో, ఎవ్వరికీ చూపించకు' అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు." ఆయన సేఫ్ వైపు చూశాడు. "కర్మ రోజున రేంజ్ ఫ్రెండ్స్ ఇద్దరు దాన్ని చూస్తామన్నారు. అందుకే మర్నాడే వచ్చేశాను. తొందరపడ్డాననుకుంటావని తెలుసు."

"మరి ఇందాక ఎందుకు చెప్పలేదు బావగారూ? అన్ని మాటలు అంటుంటే!"

"ఒట్టు వేశాను కదమ్మా. నువ్వు నన్ను తిట్టుకుంటే నాకు పోయేదేముంది? నిన్ను నువ్వు తిట్టుకోకూడదనే కదా వాడి బాధ."

రేణు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎంత సంబరంగా వచ్చింది! ఎన్ని మాటలు పేర్చుకుని వచ్చింది! ఆయన మొహం పాలిపోతే కళ్లారా చూసి ఆనందించింది కూడా. ఆయన భయపడింది తనకోసం కాదు, నాకోసం అనుకునేసరికి ఆమెకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. డయాన్ చప్పుడు చెయ్యకుండా రైఫిల్‌ని తిరిగి సేఫ్‌లో పెట్టి బయటికి వెళ్లింది.

నైనిక వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. "మామ్, ఇప్పుడు ఇంటికి వెళ్దామా?"

వెళ్లిపోవచ్చు. వెనక తలుపులోంచి వెళ్తే ఎవరూ చూడరు. రేపు ఫోన్ చేసి సారీ చెబితే ఈ మనుషులు క్షమిస్తారు కూడా. కానీ హాల్‌లో ఉన్నవాళ్లందరూ మల్లికార్జునరావుని దొంగగానే తలుచుకుంటూ ఇళ్లకి వెళ్తారు. వాళ్ల ముందే ఆయన పరువు తియ్యాలని వచ్చింది తనే. రేణు కళ్లు తుడుచుకుని లేచింది.

హాల్‌లో ఎవరూ సరిగా తినడం లేదు. ఆమెని చూడగానే గుసగుసలు ఆగిపోయాయి.

"అందరూ ఒక్క నిమిషం వినండి" అంది. "ఇందాక మా బావగారు నన్ను మోసం చేశారన్నాను. అది అబద్ధం. ఆ రైఫిల్ విలువ పోగొట్టింది నేనే. దసరా పూజకని చింతపండుతో తోమాను. అది రెండు వేలు చేస్తుంది. ఈయన నాకు రెండున్నర వేలు ఇచ్చారు. నా తప్పు నాకు తెలియకూడదని రెండేళ్లుగా దాచారు. నేను మీ అందరి ముందూ ఈయన్ని దొంగ అన్నాను. మీ అందరి ముందే క్షమించమని అడుగుతున్నాను."

వంగి మల్లికార్జునరావు కాళ్లకి దణ్ణం పెట్టింది. ఆయన చెయ్యి అలవాటుగా లేచింది. జగదీష్ ఉన్నన్నాళ్లూ ఆమె దణ్ణం పెట్టినప్పుడల్లా దీవించిన దీవెనే నోటిదాకా వచ్చి, 'దీర్ఘ' అన్నచోట ఆగిపోయింది. "చల్లగా ఉండమ్మా" అన్నాడు. అనురాధ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "లే, లే, అన్నం చల్లారిపోతోంది" అని రేణు భుజం పట్టుకుంది.

రేణు లేవలేదు. ఆయన కాళ్ల దగ్గరే కూర్చుని తలెత్తింది. "బావగారూ, ఒక్క మాట. ఆ రోజు ఫోన్‌లో ఆయన బాధపడ్డారా? నిజం చెప్పండి. ఇంక నా దగ్గర ఏదీ దాచొద్దు."

"బాధా?" మల్లికార్జునరావు ఆమె ఎదురుగా నేల మీదే కూలబడ్డాడు. "నవ్వాడమ్మా. దగ్గొచ్చేదాకా నవ్వాడు. వాడు చివరిసారిగా నవ్వగా నేను విన్నది అప్పుడే."