గుటకల మూల

ఆదోనిలో పత్తి గోదాముల వెనక ఒక సందుంది. ఆ సందు మొదట్లో, మురుగుకాలవ మీద బండలు పరిచిన చోటుని అందరూ గుటకల మూల అంటారు. చీకటి పడ్డాక అటు ఒంటరిగా పోరు. పోక తప్పకపోతే చెప్పులు చేతబట్టుకుని, ముక్కు మూసుకుని దాటుతారు. ముక్కు మూసుకునేది దెయ్యానికి భయపడి కాదు. అక్కడి కంపు అలాంటిది.

ఎప్పుడో ఒక ఎండాకాలం, నీళ్ల ట్యాంకరు వెనక్కి వస్తుంటే ఒకామె బిందెతో సహా చక్రాల కింద పడి అక్కడే పోయిందట. గొంతు తడవకుండా పోయింది కాబట్టి ఇంకా తాగుతూనే ఉందట... అయిదు రోజులకొక రాత్రి, రెండు దాటాక, బండల కిందనుంచి వినిపిస్తుంది — గుటక్... గుటక్... గుటక్...

ఇన్నేళ్లలో బండ సందులోకి వంగి చూసినవాడు ఒక్కడు లేడు. నిమ్మకాయలు పెట్టినవాళ్లు మాత్రం బోలెడుమంది. ఆ కుళ్లిన కాయలు, పగిలిన కోడిగుడ్లు, వాటి మీద ముసిరే ఈగలు... తలుచుకుంటే నాకు అన్నం సహించదు.

ఈ సంగతి వాళ్లింట్లోనే నాకు చెప్పింది మల్లేశ్వరి. పత్తి మిల్లులో పని చేస్తుంది. మూలకు ఆనుకున్న మొదటి ఇల్లు వాళ్లదే. ఆమె చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

పోయిన వానాకాలం ఆమె కూతురు నందినికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆరేళ్ల పిల్ల. మూడు రోజులకే కళ్లు గుంటలు పడ్డాయి, పెదాలు ఎండి పొట్టు లేచాయి. డాక్టరు మాత్రలిచ్చి, "నీళ్లు బాగా తాపండమ్మా, నీళ్లే మందు" అన్నాడు. కలిపి తాపమని ఓఆర్ఎస్ పొట్లాలు కూడా ఇచ్చాడు. తాపారు. గంటకో గ్లాసు తాపారు. తాపేకొద్దీ పిల్ల ఇంకా వాడిపోయింది.

నాలుగో రోజు రాత్రి అత్త ఈరమ్మ మల్లేశ్వరిని పక్కకు పిలిచి గుసగుసగా అంది.

"మే, ఇది మాత్రలకు పోయే రోగం కాదు. మూలకాడ ఉండేది పాపను పట్టినాది. ఈ పొద్దు అది తాగే దినం. తాగేటప్పుడే దాని నోట్లో పోసి రా."

"తెల్లారి పెద్దాసుపత్రికి పోదాం అత్తా."

"తెల్లారేదాకా పాప ఉండాల గదే..."

ఆ మాటకు మల్లేశ్వరి లేచి నిలబడింది.

పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు చెంబెడు. అందులో గుప్పెడు ఆవాలు. పిల్లకు మూడుసార్లు దిగదుడిచి ఈరమ్మ చెంబు చేతికిచ్చింది. నోరు విప్పకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు.

ఆమె గడప దాటుతుండగా, నీళ్లొచ్చాయని భర్త ప్రకాష్ మోటారు వేశాడు. కుళాయి పైపుకే బిగించిన మోటారు. అది లేకపోతే ఆ సందులో బిందె నిండదు. అందరి ఇళ్లలోనూ ఉంది.

మూల పది అడుగులే.

గుటక్...

ఎవరో ఆయాసపడుతూ, ఊపిరైనా తీసుకోకుండా తాగుతున్నారు... గుటక్... గుటక్...

బండల సందులోకి చెంబు వంచింది. జుర్రుమంది. కళ్ల ముందే తాగేసింది — చుక్క మిగల్చకుండా.

ఇక వచ్చేయాలి. కానీ నా బిడ్డ ప్రాణం దీని చేతిలో ఉన్నప్పుడు దీని మొహమైనా చూడకుండా ఎట్లా పోతాను, అనుకుందట. ఫోన్ లైటు వేసి వంగింది.

మొహం లేదు. నల్లటి మురుగు. అందులో పిల్లల మలం, కోడి పేగులు, కుళ్లి ఉబ్బిన ఎలుక... వాటి నడుమ తుప్పు పట్టిన పైపు, దాని అతుకు దగ్గర వేలు పట్టేంత చిల్లి. ఆ మురుగంతా గిర్రున సుడి తిరుగుతూ చిల్లిలోకి పోతోంది. గుటక్... గుటక్...

ఠక్కున కరెంటు పోయింది.

గుటక ఆగింది. చిల్లిలోనుంచి నీళ్లు బయటికి చిమ్మాయి.

నిమిషానికి కరెంటు వచ్చింది. ఇంట్లో మోటారు గుయ్యిమంది.

గుటక్.

మోటారు లాగితే పైపు తాగుతోంది! చెంబు అక్కడే పారేసి ఆమె ఇంటికి పరుగెత్తింది.

చెత్త రాకుండా కుళాయి మూతికి తెల్లగుడ్డ కట్టి పడతారు వాళ్లు. ఆ గుడ్డ ఎర్రబారి ఉంది. లాగి విప్పింది. లోపల — ఆవాలు. ఇందాక తన చేత్తో పోసిన ఆవాలు, ఇంకా నాననైనా లేదు.

"అత్తా! వద్దు!"

గదిలో ఈరమ్మ నందినిని ఒళ్లో వేసుకుని, అప్పుడే పట్టిన నీళ్లలో నారింజరంగు పొట్లం కలిపి, గ్లాసు పిల్ల పెదాలకు ఆనిస్తోంది. మల్లేశ్వరి ఒక్క దెబ్బకు గ్లాసు ఎగరగొట్టింది.

"పిచ్చి పట్టినాదేమే నీకు!" అని ప్రకాష్ మీదికొచ్చాడు. ఆమె గుడ్డ తీసుకెళ్లి అతని ముక్కుకు ఆనించింది. అతను వాకిట్లోకి పోయి భళ్లున కక్కుకున్నాడు.

ఎదురింటి మద్దయ్యను లేపి, అతని ఆటోలో పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక నందిని కళ్లు తెరిచి అన్నం అడిగింది.

"మూడు దినాలు అన్నా... పెంట నీళ్లు... గంటకో గ్లాసు, నా చేత్తోనే తాపినాను" అని మల్లేశ్వరి తన అరచేతిని చీరకేసి రుద్దుకుంది. ఛీ! ఆ కాలవలోనే పైపు వేసినవాళ్లను ఏమనాలి? మున్సిపాలిటీవాళ్లకు చిల్లి చూపించి మొత్తుకుంటే ఎవడో వచ్చి సైకిలు ట్యూబు చుట్టిపోయాడట. వారానికే ఊడిందట.

అంతలో బయటనుంచి, పట్టపగలే, గుటక్... అని వినిపించింది. అయిదు రోజులకోసారి రాత్రి రెండు దాటాక వదిలే నీళ్లు ఆరోజు ముందే వదిలినట్టున్నారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె తలైనా తిప్పలేదు.

"మా మోటారు పీకేసినాము. క్యాన్ నీళ్లే తాగుతాండాము. అది ఉచ్చీరప్పోళ్లది."

ఇంకో గుటక... కాస్త లావుగా.

"ఇది నరసన్నోళ్లది. పెద్ద మోటారు."

ఒక్కొక్క గుటకకూ ఒక్కొక్క ఇంటి పేరు చెప్పుకుంటూ పోయింది. తర్వాత నా వైపు చూసి మెల్లగా అడిగింది.

"మీ సందులో ఎవరు తాగుతారన్నా?"

నేను లేచి చెప్పులేసుకున్నాను. ఆ రాత్రి మా సందుకు నీళ్లొచ్చే రాత్రి. మా మోటారు స్విచ్చి నా మంచం పక్కనే ఉంది.