వెనక బెంచీలో అమ్మ

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా అత్తాకోడళ్ళిద్దరూ బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుంటున్నారు. అది చూసి చిట్టికి ఒళ్ళు మండిపోయింది.

చిట్టి ఆ ఇంటి ఆడపిల్ల. తల్లి టీచర్లను తయారుచేసే శిక్షణ కళాశాలలో అధ్యాపకురాలు. ఈ ఏడు కూతురూ కోడలూ ఇద్దరూ ఆమె తరగతిలోనే చేరారు. ఇంట్లో వదినతో సర్దుకుపోవచ్చు గానీ, అమ్మ మెప్పులో కూడా వాటాకొచ్చిన వదినని ఎలా భరించడం?

"ఏమిటో అంత నవ్వు?" అంది స్టవ్ కట్టేస్తూ.

"నిన్నటి నా పాఠం గురించే చిట్టీ. అన్నిసార్లు తడబడ్డానా, అత్తయ్య ఏడిపిస్తున్నారు" అంది వదిన.

చిట్టికి ఆ ఏడిపించడం కూడా దక్కలేదు. నిన్న శిక్షణలో భాగంగా ఇద్దరూ బడిలో పిల్లలకు భిన్నాలు చెప్పారు. చిట్టి ఎక్కడా తడుముకోలేదు. గంట కొట్టేసరికి పాఠం పూర్తయింది. వెనక బెంచీలో కూర్చున్న అమ్మ మాత్రం పెదవి విప్పలేదు. వదిన పాఠంలో ఒక పాప లేచి, మూడోవంతు కంటే నాలుగోవంతే పెద్దదంది. వదిన బిత్తరపోయి, "ఎందుకలా అనిపించింది?" అని అడిగి, కాగితాలు చేతికిచ్చి పాపనే మడిచి చూడమంది. పాఠం సగంలోనే ఆగిపోయింది. అమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది!

"నీ కోడలు తడబడినా నీకు ముద్దే. నేనెంత బాగా చెప్పినా నీ నోరు పెగలదు" అంది చిట్టి.

వదిన లేవబోయింది.

"కూర్చో వదినా. అమ్మ కొంగు పట్టుకు తిరిగితే చాలని నాకే తెలీలేదు."

వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపలికి వెళ్ళిపోయింది.

తల్లి కూతురి వైపు తిరిగింది. "నీ పాఠంలో తప్పేం లేదే. నా గొంతు, నా చేతులూపడం, ఆఖరికి నా జోకులు కూడా దించేశావు. చూస్తుంటే భయమేసింది."

"భయమా?"

"పాఠమంతా నా వంకే చూశావు. పిల్లల్ని చూశావా? నాలాంటి వాళ్ళని పోతపోయడానికి కాదమ్మా నేనున్నది. ఎదురుగా ఉన్న పిల్ల ఏమనుకుంటోందో వినేవాళ్ళు కావాలి నాకు. ఆ వినడం వచ్చాకే మిగతాదంతా."

చిట్టికి గుర్తొచ్చింది. నిన్న ముందు వరసలో ఒక పాప చెయ్యి సగం ఎత్తి దించేసింది. చిట్టి అది చూసింది. ఆగితే అమ్మ ముందు పరువు పోతుందని చూడనట్టే సాగిపోయింది.

ఆ రోజు బడిలో ఆ పాపను వెతుక్కుంటూ వెళ్ళి, పక్కన కూర్చుని, నిన్న ఏం అడగబోయావని అడిగింది. పాప బెరుగ్గా, "పెద్ద పుచ్చకాయలో సగమూ, చిన్న పుచ్చకాయలో సగమూ ఒకటేనా టీచర్?" అంది.

"రేపు చూపిస్తాను" అంది చిట్టి.

సాయంత్రం వదిన గది తలుపు తట్టింది. "పెద్ద పుచ్చకాయలో సగమూ, చిన్నదాంట్లో సగమూ ఒకటేనా అని ఒక పాప అడిగింది. రేపు ఎలా చూపించాలో తెలియట్లేదు వదినా. నువ్వైతే ఏం చేస్తావ్?" అంటుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. "పొద్దున నేనన్న మాట..."

"నేనూ బాధపడ్డాను, పడలేదని చెప్పను" అంటూ వదిన జరిగి, మంచం మీద చోటిచ్చింది. "ముందు కూర్చో. పుచ్చకాయలన్నావా?"

ఇద్దరూ తెల్లకాగితం మీద పెద్దదొకటి, చిన్నదొకటి గీశారు. వాదించుకున్నారు, కొట్టేసి మళ్ళీ గీశారు. మధ్యలో తల్లి గుమ్మం దాకా వచ్చి, చాలాసేపు నిలబడి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

చిట్టి తలెత్తనే లేదు. పిల్లకి ఎలా చెప్పాలా అన్న ధ్యాసలో, అమ్మ చూస్తోందో లేదో చూసుకోవడమే మరిచిపోయింది.